ఎంచిన కణం, పెంచిన మందు

కిడ్నీలు చెడిపోయినవారికి రక్తం ఎందుకు తగ్గుతుంది? హుజూరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి డయాలిసిస్ కోసం కరీంనగర్‌కో వరంగల్‌కో తిరిగే కుటుంబాలకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే ఇది. ఒంట్లోని మలినాలను వడపోసే అవయవానికీ, ఎముకల మూలుగలో పుట్టే రక్తానికీ ఏమిటి సంబంధం?

సంబంధం చాలా దగ్గరిది. కిడ్నీ వడపోతతో పాటు మరో పని చేస్తుంది. తనలోకి వచ్చే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెడుతూ, అది తగ్గితే ఎరిత్రోపొయిటిన్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తుంది. ఆ ప్రొటీన్ మూలుగను చేరి ఎర్రకణాల తయారీని పెంచుతుంది. కిడ్నీ దెబ్బతింటే ఈ ప్రొటీన్ కూడా తగ్గిపోతుంది. డయాలిసిస్ యంత్రం వడపోయగలదు గానీ ప్రొటీన్ తయారు చేయలేదు. అందుకే ఒకప్పుడు ఈ రోగులకు పదేపదే రక్తం ఎక్కించడమే దారి. నాలుగు మెట్లు ఎక్కినా ఆయాసం, మంచం దిగలేని నీరసం, ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకుపోయే ఇనుము, దానితో పాటే అంటురోగాల భయం.

ఇప్పుడు చిన్న సిరంజిలో ఎరిత్రోపొయిటిన్ దొరుకుతోంది. డాక్టర్లు పొట్టిగా ఈపీఓ అంటారు. 4,000 యూనిట్ల ఇంజెక్షన్‌లో ఉండే అసలు ప్రొటీన్ బరువు ఒక మిల్లీగ్రాములో సుమారు ముప్పయ్యో వంతు. అచ్చంగా మనిషి ప్రొటీన్ లాంటిదే, కానీ మనిషి ఒంట్లో తయారైంది కాదు. చైనా హామ్‌స్టర్ అనే చిన్న ఎలుక జాతి జంతువు అండాశయం నుంచి వచ్చిన కణాల్లో తయారైంది. ఆ కణాల్లోకి మనిషి జన్యువు ఎలా చేరింది, వాటిలో మంచివాటిని ఎలా ఎంచారు, ఎలా పెంచారు అన్నదే ఈ అధ్యాయం.

2,550 లీటర్ల మూత్రం, 8 మిల్లీగ్రాముల ప్రొటీన్

షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ గోల్డ్‌వాసర్ ఈ ప్రొటీన్ కోసం 1955లో వెతుకులాట మొదలుపెట్టాడు. అది కిడ్నీలో పుడుతుందని 1957 నాటికి ఆయన బృందం తేల్చింది. దాన్ని శుద్ధంగా వేరు చేయడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. రక్తంలో అది ఉండేది అంత తక్కువ మరి.

దారి జపాన్‌లో దొరికింది. మూలుగ పనిచేయని అప్లాస్టిక్ అనీమియా రోగుల్లో, కిడ్నీ ఎంత ఈపీఓ పంపినా ఎర్రకణాలు పుట్టవు. అందుకని కిడ్నీ ఇంకా ఇంకా పంపుతూనే ఉంటుంది. మిగులు మూత్రంలో పోతుంది. తకాజి మియాకే అనే శాస్త్రవేత్త అలాంటి రోగుల మూత్రం 2,550 లీటర్లు సేకరించి, ఆరబెట్టి, ఆ పొడిని 1975లో షికాగోకు మోసుకెళ్లాడు. దాని నుంచి గోల్డ్‌వాసర్ బృందం రాబట్టిన శుద్ధమైన ప్రొటీన్ సుమారు 8 మిల్లీగ్రాములు. 1977లో ఆ ఫలితం అచ్చయింది.

ఆ 8 మిల్లీగ్రాములు ఈనాటి లెక్కన రెండు మూడు వందల ఇంజెక్షన్లకు మించి సరిపోవు. మూత్రం నుంచి లోకానికి మందు రాదు. అయితే శుద్ధమైన ప్రొటీన్ చేతికొస్తే దానిలో అమైనో ఆమ్లాలు ఏ వరుసలో ఉన్నాయో కొంతైనా చదవవచ్చు. ఆ వరుసను బట్టి మనిషి డీఎన్‌ఏలో దాని జన్యువు ఎక్కడుందో వెతకవచ్చు. అమెరికాలోని ఆమ్జెన్ కంపెనీలో ఫూ-కువెన్ లిన్ 1983లో ఆ జన్యువును పట్టుకున్నాడు. జన్యువు దొరికాక మిగిలింది ఒక్క ప్రశ్న. దాన్ని ఏ కణంలో పెట్టాలి?

బ్యాక్టీరియాకు చేతకాని పని

అప్పటికి ఇన్సులిన్ దారి చూపింది. మనిషి ఇన్సులిన్ జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి తయారు చేసిన మందు 1982లో బజారుకు వచ్చింది. ఈ.కోలై మేత చౌక. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మరి ఈపీఓను కూడా అందులోనే ఎందుకు చేయలేదు?

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. దానికి చక్కెర తొడుగు లేదు. ఈపీఓలో 165 అమైనో ఆమ్లాలున్నాయి, వాటికి నాలుగు చోట్ల చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. మొత్తం బరువులో దాదాపు 40 శాతం ఈ గొలుసులదే. వాటిని అతికించే పనిని గ్లైకోసిలేషన్ అంటారు. మన కణాల్లో ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్, గాల్గీ అనే భాగాల్లో పదుల ఎంజైములు వరుసగా ఈ పని చేస్తాయి. ఈ.కోలైలో ఆ భాగాలే లేవు.

చక్కెర లేని ఈపీఓను ప్రయోగశాల గాజు పాత్రలో మూలుగ కణాలకు ఇస్తే అది పనిచేస్తుంది. ఒంట్లోకి ఎక్కిస్తే మాత్రం నిలవదు. ప్రతి చక్కెర గొలుసు చివరన సియాలిక్ ఆమ్లం అనే ముక్క ఉంటుంది. అది ఊడిపోయిన ప్రొటీన్లను కాలేయం గుర్తుపట్టి రక్తంలోంచి లాగేసుకుంటుంది. సియాలిక్ ఆమ్లం లేని ఈపీఓ కొన్ని నిమిషాల్లోనే మాయమవుతుంది. ఉన్నది గంటల తరబడి రక్తంలో తిరుగుతూ మూలుగను చేరుతుంది. రోగికి మేలు జరగడం, జరగకపోవడం ఆ చివరి ముక్క మీదే ఆధారపడి ఉంది.

ఈస్ట్ చక్కెరలు అతికించగలదు, కానీ దాని గొలుసుల్లో మానోస్ అనే చక్కెర ఎక్కువ. మన శరీరం వాటిని పరాయివిగా చూస్తుంది. కొన్ని టీకాలకు ఇది అడ్డు కాదు. రక్తంలో గంటలు, రోజుల తరబడి తిరగాల్సిన మందుకు మాత్రం క్షీరదాల కణాలే కావాలి.

చైనా పల్లెల హామ్‌స్టర్

ఆ కణాల పేరు సీహెచ్‌ఓ. చైనా హామ్‌స్టర్ అండాశయ కణాలన్న ఇంగ్లిష్ పేరుకు పొడి అక్షరాలివి. వీటి వెనక ఒక ప్రయాణం ఉంది. 1948 డిసెంబర్‌లో చైనాలో అంతర్యుద్ధం ముదిరి కమ్యూనిస్టు సైన్యాలు దూసుకొస్తున్న వేళ, రాబర్ట్ వాట్సన్ అనే అమెరికన్ వైద్యుడు పది ఆడ, పది మగ హామ్‌స్టర్లను పెట్టెలో పెట్టి షాంఘై నుంచి విమానంలో అమెరికాకు చేర్చాడు. వాటి సంతతిని ప్రయోగశాలల కోసం పెంచారు. 1957లో డెన్వర్‌లో థియోడోర్ పక్ ఒక ఆడ హామ్‌స్టర్ అండాశయం ముక్కను తీసుకుని, దాని కణాలను గాజు పాత్రలో పెంచడం మొదలుపెట్టాడు. అవి ఆగకుండా విభజన చెందుతూ పోయాయి. నేడు లోకమంతటా సీహెచ్‌ఓ పేరుతో పెరుగుతున్నవన్నీ ఆ ఒక్క హామ్‌స్టర్ కణాల వారసులే.

ఇవి ఇంత వ్యాపించడానికి గట్టి కారణాలున్నాయి. పాత్ర అడుగుకు అంటుకోకుండా ద్రవంలో తేలుతూ పెరిగేలా వీటిని అలవాటు చేయవచ్చు. మనుషులకు సోకే వైరస్‌లలో చాలావరకు వీటిలో సరిగా పెరగవు. వీటి చక్కెర గొలుసులు మనిషి గొలుసులకు దగ్గరగా ఉంటాయి. 1987లో గుండెపోటు రోగుల్లో రక్తం గడ్డను కరిగించే టీపీఏ, 1989లో ఈపీఓ ఈ కణాల నుంచే మందులుగా అమెరికాలో అనుమతి పొందాయి.

సుబ్బారావు మందు చేసే ఎంపిక

జన్యువును కణంలోకి పంపడం ఒక మెట్టు మాత్రమే. లక్షల కణాలకు జన్యువు ఇస్తే కొన్నే తీసుకుంటాయి. తీసుకున్నవాటిలోనూ ఎక్కువ భాగం ప్రొటీన్‌ను అరకొరగానే చేస్తాయి. బాగా చేసేవి ఏవి? ఈ ప్రశ్నకు జవాబు దొరకడంలో భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడి శ్రమ ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టాడు. హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని, ఆ తర్వాత దాన్ని అడ్డుకునే అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను తయారు చేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమైనోప్టెరిన్ ఇచ్చి లుకేమియా పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గడాన్ని 1948లో లోకానికి చూపాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.

మెథోట్రెక్సేట్ చేసే పని ఇది. కణం రెట్టింపు కావాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి. దానికి కావలసిన ముడిసరుకు తయారీలో డీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే ఎంజైము తప్పనిసరి. మెథోట్రెక్సేట్ ఆ ఎంజైమును పట్టేసుకుంటుంది. కణం పెరుగుదల ఆగిపోతుంది. కేన్సర్ కణాలను ఆపేది ఇలాగే.

1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కే బృందం ఒక వింత చూపింది. మెథోట్రెక్సేట్ మోతాదును మెల్లమెల్లగా పెంచుతూ పోతే, బతికి బయటపడే కణాలు డీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువు నకళ్లను పదుల, వందల రెట్లు పెంచుకుంటున్నాయి. మందు ఎంత పట్టేసుకున్నా మిగిలేంత ఎంజైము చేసుకుంటున్నాయి. 1980లో కొలంబియా విశ్వవిద్యాలయంలో గెయిల్ అర్లాబ్, లారెన్స్ చేసిన్ ఈ ఎంజైము బొత్తిగా లేని సీహెచ్‌ఓ కణాలను తయారు చేశారు. ఆ రెండూ కలిశాక దారి తేటపడింది. ఎంజైము లేని కణానికి ఈపీఓ జన్యువుతో పాటు డీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువునూ ఇవ్వాలి. జన్యువు తీసుకోనివి చస్తాయి. తీసుకున్నవాటికి మెథోట్రెక్సేట్ అంచెలంచెలుగా పెంచాలి. డీహెచ్‌ఎఫ్‌ఆర్ నకళ్లు పెరిగేకొద్దీ పక్కనే ఉన్న ఈపీఓ జన్యువు నకళ్లూ పెరుగుతాయి. చివరికి మిగిలేది ప్రొటీన్ దండిగా చేసే కణం.

ఇప్పుడు వేరే ఎంపిక పద్ధతులూ వచ్చాయి. అయినా బయోటెక్ పరిశ్రమ తొలి పంట చేతికొచ్చింది సుబ్బారావు బృందం చేసిన మందుతోనే. ఆయన మందు కేన్సర్ వార్డులో రోగిని కాపాడటమే కాదు, ఇతర మందులు తయారు చేసే కణాన్ని ఎంచడంలోనూ చేయిసాయం చేసింది. మన పాఠ్యపుస్తకాల్లో సుబ్బారావు పేరు ఉన్నచోట ఈ రెండో సంగతి కూడా ఉండాలి.

సీడు వరి రైతుకు తెలిసిన క్రమశిక్షణ

హుజూరాబాద్, జమ్మికుంట, వీణవంక ప్రాంతం హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తికి పేరు. ఇక్కడి రైతుకు ఆడ వరుసలు, మగ వరుసలు, పూత వేళ తాడు లాగడం, కేళీలు ఏరేయడం కొత్త కాదు. బ్రీడర్ విత్తనం నుంచి ఫౌండేషన్ విత్తనం, దాని నుంచి సర్టిఫైడ్ విత్తనం వస్తాయని, పైమెట్టులో కల్తీ జరిగితే కిందంతా పాడవుతుందని అతనికి చెప్పనక్కర్లేదు. కణాల పనిలోనూ సరిగ్గా అదే క్రమశిక్షణ.

మెథోట్రెక్సేట్ దాటి వచ్చిన కణాల గుంపులో అన్నీ ఒక్క తీరుగా ఉండవు. కాబట్టి 96 గుంటలున్న ప్లాస్టిక్ పలకలో గుంటకు ఒక్క కణం చొప్పున వేస్తారు. అక్కడున్నది ఒక్క కణమేనని చూపడానికి మైక్రోస్కోప్ కింద ఫొటో తీసి దాచుకుంటారు. కొన్ని వారాల్లో ఆ ఒక్కటి ఒక గుంపవుతుంది. అదే క్లోన్. వందల క్లోన్లను కొలిచి చూస్తారు. ఏది ఎంత ప్రొటీన్ ఇస్తోంది, ఎంత వేగంగా పెరుగుతోంది, చక్కెర గొలుసులు కుదురుగా ఉన్నాయా, తరాల తరబడి పెంచినా దిగుబడి పడిపోకుండా ఉందా అన్నవన్నీ చూస్తారు. చాలా క్లోన్లు ఈ చివరి పరీక్షలోనే తేలిపోతాయి. మొదట్లో బాగా ఇచ్చి తర్వాత జన్యువు నకళ్లను వదిలేసుకునేవి ఉంటాయి. వాటిని కేళీల్లాగే నిర్దాక్షిణ్యంగా తీసేస్తారు.

నెగ్గిన ఒక్క క్లోన్‌ను చిన్న సీసాల్లో నింపి ద్రవ నైట్రోజన్‌లో, సున్నాకు 196 డిగ్రీలు దిగువన, దాచుతారు. ఇది మాస్టర్ సెల్ బ్యాంక్, అంటే బ్రీడర్ విత్తనం. దానిలోంచి ఒక సీసా తీసి పెంచి మరికొన్ని వందల సీసాలు నింపితే వర్కింగ్ సెల్ బ్యాంక్, అంటే ఫౌండేషన్ విత్తనం. ప్రతి బ్యాచ్ తయారీకి వర్కింగ్ బ్యాంక్ నుంచి ఒక సీసా చాలు. మాస్టర్ బ్యాంక్‌ను ఒక్కచోటే ఉంచరు. అగ్నిప్రమాదం జరిగినా వరద వచ్చినా వంశం నిలవాలని రెండు వేర్వేరు చోట్ల భద్రపరుస్తారు.

సీసా నుంచి ట్యాంకుకు

వర్కింగ్ బ్యాంక్ నుంచి తీసిన ఒక మిల్లీలీటరు సీసాను కరిగించి చిన్న ఫ్లాస్కులో వేస్తారు. కణాలు రోజుకోసారి మాత్రమే రెట్టింపవుతాయి. ఫ్లాస్కు నిండాక పెద్ద ఫ్లాస్కుకు, అక్కడి నుంచి పదుల, వందల లీటర్ల పాత్రలకు మారుస్తూ, చివరికి వేల లీటర్ల బయోరియాక్టర్‌కు చేర్చడానికి వారాలు పడుతుంది. అక్కడ 37 డిగ్రీల వేడి, 7 దగ్గర పీహెచ్, కొలిచి పంపే ఆక్సిజన్. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలను రోజూ కలుపుతుంటారు. కణాలు వదిలే లాక్టేట్, అమ్మోనియా మోతాదు మించకుండా చూస్తుంటారు.

ఈ కణాలకు బ్యాక్టీరియాకు ఉన్నట్టు గట్టి గోడ ఉండదు. ఆక్సిజన్ కోసం పంపిన గాలి బుడగ ద్రవం మీదికి వచ్చి పగిలినప్పుడు, దాన్ని అంటుకున్న కణాలు చిరిగిపోతాయి. దీన్ని తప్పించడానికి పొలాక్సమర్ అనే పదార్థాన్ని కలుపుతారు. అది ఉంటే కణాలు బుడగకు అంటుకోవు. మధ్యలో వేడిని 32, 33 డిగ్రీలకు దించడం కూడా మామూలే. అప్పుడు కణాలు పెరగడం తగ్గించి ప్రొటీన్ చేయడం కొనసాగిస్తాయి. రెండు వారాల్లో బ్యాచ్ పూర్తవుతుంది. మిల్లీలీటరుకు కోటికి పైగా కణాలు చేరతాయి.

అంత కష్టపడి పెంచినా ఒక్క వైరస్ చొరబడితే ట్యాంకు మొత్తం పారబోయాల్సిందే. 2009లో అమెరికాలో జెంజైమ్ కంపెనీ ట్యాంకుల్లో వెసీవైరస్ చేరి సీహెచ్‌ఓ కణాలను దెబ్బతీసింది. తయారీ ఆగిపోయి, గాషే వ్యాధికి ఇచ్చే మందు ప్రపంచమంతటా కరువైంది. అందుకే ట్యాంకులోకి వెళ్లే ప్రతి చుక్కనూ, పంపే గాలినీ వడపోస్తారు. ప్రొటీన్‌ను వేరు చేశాక కూడా 20 నానోమీటర్ల రంధ్రాల వడపోత దాటిస్తారు.

1980ల్లో ఇలాంటి ట్యాంకు లీటరుకు పదుల మిల్లీగ్రాముల ప్రొటీన్ ఇచ్చేది. నేడు యాంటీబాడీలనే ప్రొటీన్లైతే లీటరుకు 3 నుంచి 5 గ్రాములు, అంతకు పైన కూడా వస్తోంది. క్లోన్ ఎంపిక, మేత, వేడి, గాలి... ప్రతి దానిలో కాస్త కాస్త బాగుచేసుకుంటూ వస్తే ఇది సాధ్యమైంది.

బాచుపల్లి చూపిన దారి

హైదరాబాద్‌కు ఈ విద్య ఒక్కసారిగా రాలేదు. వరప్రసాదరెడ్డి 1993లో నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీ పరిశోధన కేంద్రంలో పరిశోధన చేసి 1997లో హెపటైటిస్ బి టీకాను తెచ్చింది. దాన్ని చేసింది ఈస్ట్ కణాల్లో. దిగుమతి టీకా వందల రూపాయలున్న రోజుల్లో యాభై రూపాయల దగ్గర టీకా దొరకడం మొదలైంది. జన్యువులతో మందు చేయడం మనకూ చేతనవుతుందని ఆ సీసా చెప్పింది.

క్షీరద కణాల్లో పెద్ద అడుగు బాచుపల్లిలో డాక్టర్ రెడ్డీస్ వేసింది. 2007లో ఆ సంస్థ రెడిటక్స్‌ను విడుదల చేసింది. ఇది రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ. లింఫోమా అనే రక్త కేన్సర్‌లో బి కణాల మీదుండే సీడీ20 అనే గుర్తును పట్టుకుని వాటిని అంతం చేస్తుంది. ఒక మోనోక్లోనల్ యాంటీబాడీకి ప్రపంచంలో వచ్చిన తొలి బయోసిమిలర్‌గా రెడిటక్స్‌కు పేరుంది. బయోసిమిలర్ అంటే అసలు మందుకు అతి దగ్గరి పోలిక గల మందన్నమాట. విడుదలైనప్పుడు దాని ధర అసలు మందులో దాదాపు సగం. ఇక్కడ కష్టం ఈపీఓ కంటే పెద్దది. యాంటీబాడీలో 1,300కు పైగా అమైనో ఆమ్లాలు, నాలుగు ప్రొటీన్ గొలుసులు. పైగా ఒక్క డోసుకే సుమారు 600 మిల్లీగ్రాములు కావాలి. ఈపీఓ డోసుకు అది పదిహేను వేల రెట్లకు పైనే.

2010లో అదే సంస్థ క్రెస్ప్ పేరుతో డార్బెపొయిటిన్‌ను మన దేశంలో విడుదల చేసింది. ఇది ఈపీఓకే మరో రెండు చక్కెర గొలుసులు అదనంగా చేర్చిన రూపం. ఆ గొలుసుల వల్ల రక్తంలో మూడు రెట్ల సేపు నిలుస్తుంది. వారానికి రెండు మూడు సూదుల బదులు వారానికో, రెండు వారాలకో ఒకటి సరిపోతుంది. పల్లె నుంచి ఆస్పత్రికి తిరిగే రోగికి ఇది ఎంత వెసులుబాటో చెప్పక్కర్లేదు. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద వెళ్తే హైదరాబాద్‌కు ముందే షామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ వస్తుంది. మన ప్రాంతపు సైన్స్ పట్టభద్రులకు ఈ రంగం ఇప్పుడు పక్క ఊరి పని.

చిన్న మార్పు, పెద్ద ఫలితం

మామూలు మాత్రను ఏ కంపెనీ చేసినా అణువు ఒకటే. కణంలో చేసిన ప్రొటీన్ అలా కాదు. క్లోన్ మారితే, మేత మారితే, చివరికి సిరంజిలో కలిపే పదార్థం మారినా తేడా రావచ్చు. 1998లో యూరప్‌లో ఒక ఈపీఓ బ్రాండ్‌లో నిలవ కోసం కలిపే ఆల్బుమిన్‌ను తీసి పాలిసార్బేట్ 80 వాడారు. తర్వాతి ఏళ్లలో కొందరు రోగుల శరీరాలు ఆ ఈపీఓనే శత్రువుగా భావించి యాంటీబాడీలు తయారు చేశాయి. అవి రోగుల సొంత ఈపీఓను కూడా పట్టేయడంతో మూలుగలో ఎర్రకణాల తయారీ ఆగిపోయింది. నిలవ, వాడకం పద్ధతులు మార్చాక ఆ కేసులు తగ్గాయి.

ఈ కారణంగానే మన దేశం బయోసిమిలర్లకు 2012లో ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చి, 2016లో సవరించింది. చవకగా ఉండటం మంచిదే. చవకైన మందు పరీక్షల్లో నిగ్గు తేలి ఉండటం అంతకంటే ముఖ్యం. ఈ రెండూ కలిసి దొరకాలని అడిగే హక్కు ప్రతి డయాలిసిస్ రోగికీ ఉంది. ప్రభుత్వ కేంద్రంలో డయాలిసిస్ ఉచితమైనప్పుడు, దానితో పాటు కావలసిన ఈపీఓ, ఇనుము ఇంజెక్షన్లు కూడా ఆగకుండా అందాలి. ఇనుము లేనిదే ఈపీఓ ఎంత ఇచ్చినా రక్తం పట్టదు.

ఇంజెక్షన్ ఇంటికి తెచ్చుకునేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. దారిలో ఐస్ ముక్కలు సిరంజికి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టెలో తేవాలి. ఇంట్లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్‌లో ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టినదాన్ని కరిగించి వాడకూడదు. సిరంజిని గట్టిగా ఊపకూడదు, ఊపితే ప్రొటీన్ మడతలు చెడతాయి. హిమోగ్లోబిన్ తొందరగా పెరగాలని సొంతంగా డోసు పెంచుకోకూడదు, మరీ పెరిగితే రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. ఎంత ఇవ్వాలో ప్రతి నెలా రక్తపరీక్ష చూసి డాక్టర్ చెప్పాలి.